911 కరేరా కొనుగోలు: ఏ ఆప్షన్లు పెట్టించాలి, మార్కప్ మీద ఎలా బేరమాడాలి?

ఫ్రిస్కో_వాసి | 12 నవంబరు 2024

అందరికీ నమస్కారం. ఇరవై రెండేళ్లుగా డాలస్ ప్రాంతంలో ఉంటున్నాను, సొంత ఊరు కాకినాడ. వచ్చే ఏడాది యాభయ్యో పడిలో అడుగుపెడుతున్నాను కాబట్టి ఒక పోర్షే 911 కొనుక్కుంటానని ఇంట్లో ఏడాదిన్నర పాటు అర్జీలు పెట్టి చివరకు అనుమతి సంపాదించాను. నేను చూస్తున్నది ఈ ఏడాది మార్పులతో విడుదలైన 2025 మోడల్, అందులోనూ అన్నిటికన్నా కింది మెట్టయిన మామూలు కరేరా. దాని ఆరంభ ధర 1,20,100 డాలర్లు, డెలివరీ రుసుము 1,995. పన్ను కాకుండా 1,45,000 దాటకూడదన్నది ఇంట్లో కుదిరిన ఒడంబడిక.

దగ్గరలోని డీలరు నా ముందు రెండు దారులు పెట్టాడు. ఆయన దగ్గర ఒక అలొకేషన్ ఉంది, అంటే నాకు నచ్చినట్టు కర్మాగారంలో కారు కట్టించుకునే వంతు. వెబ్‌సైటులో నేను కూర్చుకున్న కారు, 16,905 డాలర్ల ఆప్షన్లు, డెలివరీ రుసుము కలిపి, సరిగ్గా 1,39,000 అయింది. దాని మీద పదివేలు మార్కప్, అంటే కంపెనీ ధరకు పైన డీలరు తన కోసం వేసుకునే అదనపు సొమ్ము, అడుగుతున్నాడు, పైగా ఆరేడు నెలలు ఆగాలి. లేదంటే షోరూములో సిద్ధంగా ఉన్న తెల్లకారు తీసుకోవచ్చు. దాని స్టిక్కర్ ధర 1,51,400, మార్కప్ లేదు, ఈ వారమే ఇంటికి తెచ్చుకోవచ్చు. అయితే అందులో నేను అడగని తోలుపని చాలా ఉంది. ఏసీ గాలి వచ్చే రంధ్రాల చట్రాలకు కూడా తోలు తొడిగించారు.

నా జాబితాలో ఉన్నవి స్పోర్ట్ ఎగ్జాస్ట్, స్పోర్ట్ క్రోనో ప్యాకేజీ, పద్ధెనిమిది రకాలుగా సర్దుకునే సీట్లు, వాటికి గాలి ఆడే ఏర్పాటు, బోస్ సౌండ్, ముందు ఇరుసును పైకెత్తే లిఫ్ట్, జెన్షియన్ నీలం రంగు. వీటిలో ఏది తీసేయవచ్చు, పదివేల మార్కప్ ఇవ్వడం న్యాయమేనా అన్నవి నా ప్రశ్నలు.


పాత_సేల్స్‌మన్ | 12 నవంబరు 2024

ఫ్రిస్కో_వాసి గారూ, నేను న్యూజెర్సీలో ఆరేళ్లు ఖరీదైన కార్ల షోరూములో అమ్మకాలు చూశాను. ఇప్పుడు ఆ వృత్తిలో లేను కాబట్టి కొంత స్వేచ్ఛగానే రాస్తాను, నిడివికి మన్నించండి.

ఆప్షన్లు ఒక సంగతి, బేరం మరొక సంగతి అని మీరు విడివిడిగా అడిగారు. బల్లకు అవతలి వైపు కూర్చున్నవాడికి ఆ రెండూ ఒక్కటే. మీ మనసు ఏ రంగు మీద, ఏ సీటు మీద పడిందో వాడికి తెలిసిన క్షణం నుంచి మీరు ధర గురించి మాట్లాడే మాటకు బరువు తగ్గిపోతుంది. అందుకే ఆప్షన్ల జాబితాను ఇంట్లో తేల్చుకుని, షోరూములో ధర ఒక్కటే మాట్లాడాలి. అక్కడ కూర్చుని తోలు ముక్కలు, దారం రంగులు తడుముతూ ఎంచుకునే వాళ్ల దగ్గర మేము తగ్గించిన సందర్భం నాకు ఒక్కటీ గుర్తులేదు.

మార్కప్ సంగతి చూద్దాం. ఈ దేశంలో కొత్త కారు అద్దానికి అతికించి ఉండే స్టిక్కరు డీలరు ఇష్టం వచ్చినట్టు రాసుకున్నది కాదు. 1958లో వచ్చిన చట్టం ప్రకారం తయారీదారే కారు ధర, ఒక్కొక్క ఆప్షను ధర, డెలివరీ రుసుము అన్నీ అందులో అచ్చువేయాలి. ఆ చట్టం తెచ్చిన ఒక్లహోమా సెనేటర్ మన్రోనీ పేరుతోనే దానిని ఇప్పటికీ మన్రోనీ స్టిక్కరు అంటారు. మార్కప్ ఆ కాగితం మీద ఉండదు. పక్కన మరొక చిన్న కాగితం మీదో, అమ్మేవాడి నోటిలోనో ఉంటుంది. మొదటి కాగితం మీది అంకె 911 విషయంలో సాధారణంగా కదలదు, దాని మీద తగ్గింపు అడిగి మీ సమయం పాడుచేసుకోకండి. రెండవ కాగితం మీది అంకె మాత్రం పూర్తిగా డీలరు చేతిలోనిదే, సున్నా వరకూ రాగలదు.

ఇక బేరం జరిగే చోట్లు నాలుగు: మార్కప్, మీ పాత కారుకు కట్టే ధర, అప్పు మీద వడ్డీ, చివరన అంటగట్టే అదనపు సరుకు. మేనేజరు ఒక తెల్లకాగితం మీద అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత గీసి నాలుగు గళ్లు చేస్తాడు. ఒక గడిలో కారు ధర, ఒక దానిలో పాత కారు విలువ, ఒక దానిలో ముందుగా కట్టే సొమ్ము, నాలుగవ దానిలో నెలసరి వాయిదా. మీరు ఒక గడిలో గట్టిగా పట్టుబడితే అక్కడ తగ్గించి పక్క గడిలో రాబట్టుకుంటాడు. మేము ఈ ఆట రోజుకు నాలుగైదు సార్లు ఆడేవాళ్లం, కొనేవాడు నాలుగేళ్లకు ఒకసారి ఆడతాడు. కాబట్టి ఆ కాగితం రాగానే మర్యాదగా పక్కకు జరిపి, ఒక్కొక్క అంకెను విడిగా రాసి ఇమ్మని అడగండి.

మీ చేతిలో ఉన్న గట్టి ఆయుధం మరొకటి. వెబ్‌సైటులో కారు కూర్చుకున్నాక దానికి ఒక కోడ్ వస్తుంది కదా, ఆ కోడ్‌ను మీ రాష్ట్రంలోనూ పక్క రాష్ట్రాల్లోనూ ఉన్న ఎనిమిది పది మంది డీలర్లకు ఈమెయిలులో పంపండి. ఒకే ప్రశ్న అడగండి: ఈ కారుకు మీ దగ్గర వంతు ఉన్నదా, ఉంటే స్టిక్కరు ధరకు ఇస్తారా? ఫోను చేయకండి, అంకె రాతలో ఉండాలి.


మలుపు_20 | 13 నవంబరు 2024

ఆస్టిన్‌లో ఉంటాను, సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్‌లో ఏడాదికి నాలుగైదు ఆదివారాలు కారు తిప్పుతాను (నా పేరులోని అంకె ఆ ట్రాకు మలుపుల లెక్క). ఆప్షన్ల గురించి నాది ఒకటే కొలబద్ద: తరువాత బయట పెట్టించుకోలేనిది ముందు, పెట్టించుకోగలిగినది వెనుక.

ఆ లెక్కన సీట్లు, సీట్లకు గాలి, లిఫ్ట్ మీ జాబితాలో నిలవాలి. జులైలో టెక్సాస్ ఎండకు నల్లతోలు సీటు ఎలా కాలుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. లిఫ్ట్ ముక్కును దాదాపు 40 మిల్లీమీటర్లు పైకెత్తుతుంది, ఎక్కడ ఎత్తారో జీపీఎస్ ద్వారా గుర్తుపెట్టుకుని రెండవసారి నుంచి తనంతట తానే ఎత్తుతుంది. మీ ఇంటి వాకిలి ఏటవాలు ఎక్కువైతే ఇది విలాసం కాదు. స్పోర్ట్ ఎగ్జాస్ట్ తరువాత బయట దొరుకుతుంది కానీ, కంపెనీ అమర్చినదాని చప్పుడు స్విచ్చు నొక్కితే అణగుతుంది. తెల్లవారుజామున వీధిలోంచి బయటపడేటప్పుడు ఆ తేడా పక్కింటివాళ్లకు తెలుస్తుంది.

క్రోనో గురించి కొంచెం ఆలోచించండి. వెనుకటి మోడలులో స్టీరింగు మీద కారు నడక తీరును (మోడ్‌ను) మార్చే గుండ్రటి స్విచ్చు కోసమే చాలామంది దానిని తీసుకునేవారు. ఇప్పుడు ఆ స్విచ్చు అన్ని కార్లకూ వస్తోంది. మిగిలినవి ఇంజను పట్టుకునే మౌంట్లు అవసరాన్ని బట్టి బిగుసుకోవడం, ఆగి ఉన్న కారును ఒక్కసారిగా దూకించే లాంచ్ కంట్రోల్, డ్యాష్‌బోర్డు నడినెత్తిన స్టాప్‌వాచీ. కంపెనీ లెక్కలో 60 మైళ్ల వేగం అందుకోవడానికి అది లేకుండా 3.9 సెకన్లు, ఉంటే 3.7. అయినా నేనైతే తీసుకుంటాను, ఎందుకంటే అమ్మేటప్పుడు ఆ గడియారం లేని డ్యాష్‌బోర్డును చూసి పెదవి విరిచే కొనుగోలుదారులు చాలామంది ఉన్నారు. హేతువు లేదు, ఉన్న మాట చెబుతున్నాను.

మీరు అడగలేదు గానీ, ఎవరో ఒకరు సిరామిక్ బ్రేకులు తీసుకోమంటారు. దాదాపు పదివేల డాలర్ల సరుకు అది. చక్రాలకు నల్లటి పొడి అంటదు, బరువు తక్కువ, చూపుకు డిస్కును పట్టే పసుపు రంగు క్యాలిపర్లు అందంగా ఉంటాయి. అయితే చక్రం మార్చేటప్పుడు ఏమరుపాటున రిమ్ము తగిలి డిస్కు అంచు పెచ్చు ఊడితే ఏడుపే. రోడ్డు మీద తిరిగే కారుకు ఇనుప డిస్కులు చాలు.


చిట్టా_ఆవర్జా | 13 నవంబరు 2024

వృత్తిరీత్యా నేను పద్దులు చూసేవాడిని, హ్యూస్టన్‌లో. పాత_సేల్స్‌మన్ గారు చెప్పిన నాలుగు గళ్లలో పాత కారు గడి గురించి మాత్రం రాస్తాను, ఎందుకంటే టెక్సాస్‌లో ఆ గడిలో దాగిన సొమ్మును చాలామంది చూడరు.

ఇక్కడ వాహనాల మీద అమ్మకపు పన్ను 6.25 శాతం. పాత కారును అదే డీలరుకు ఇస్తే, దాని విలువ తీసేయగా మిగిలిన ధర మీదనే పన్ను పడుతుంది. ఉదాహరణకు మీ పాత బండికి డీలరు 40,000 కట్టాడనుకుందాం. 1,39,000 మీద పన్ను 8,687 డాలర్ల 50 సెంట్లు. నలభై వేలు తీసి 99,000 మీద లెక్కిస్తే 6,187 డాలర్ల 50 సెంట్లు. అంటే 2,500 మిగిలింది. కాబట్టి బయట ఎవరైనా 42,500 కన్నా ఎక్కువ ఇస్తేనే బయట అమ్ముకోవడంలో లాభం ఉంది. కాలిఫోర్నియాలో ఈ వెసులుబాటు లేదు, అక్కడి మిత్రులు ఈ లెక్కను తమకు అన్వయించుకోకండి.

మార్కప్‌కు కూడా పన్ను పడుతుందన్నది మరొక సంగతి. పదివేల మార్కప్ అంటే మీ జేబులోంచి పోయేది 10,625. రేపు కారు దొంగలపాలైతే మామూలు బీమా కట్టించేది ఆనాటి మార్కెట్ విలువే గానీ, మీరు డీలరుకు సమర్పించుకున్న కానుకను కాదు.

వడ్డీ గురించి ఒక్క మాట. బ్యాంకు డీలరుకు చెప్పే రేటు, డీలరు మీకు చెప్పే రేటు ఒకటి కానవసరం లేదు. మధ్యలో తేడా ఆయన వాటా. మీ క్రెడిట్ యూనియన్ (సభ్యులదైన సహకార బ్యాంకు) నుంచి ముందుగానే ఒక ఆమోదపత్రం తెచ్చుకుని జేబులో పెట్టుకుని వెళ్లండి. లీజు అయితే వడ్డీని మనీ ఫ్యాక్టర్ అనే చిన్న దశాంశంగా చెబుతారు, దానిని 2,400తో గుణిస్తే అసలు శాతం తెలుస్తుంది. 0.003 అనగానే ఎంతో తక్కువగా వినిపిస్తుంది, అది 7.2 శాతం.


మూడో_పెడల్ | 13 నవంబరు 2024

నా అభిప్రాయం మీ అందరికీ రుచించకపోవచ్చు. ఫ్రిస్కో_వాసి గారు పొరపాటు మోడలు చూస్తున్నారు. మామూలు కరేరాకు ఇప్పుడు ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ తప్ప మాన్యువల్ లేదు. గత నెలలో ప్రకటించిన కరేరా టి మాత్రం ఆరు గేర్ల మాన్యువల్‌తోనే వస్తుంది, ధర 1,34,000. అందులో స్పోర్ట్ ఎగ్జాస్ట్, క్రోనో, వెనుక చక్రాలు కూడా తిరిగే స్టీరింగు, పది మిల్లీమీటర్లు కిందికి దిగిన సస్పెన్షను అన్నీ ధరలోనే ఉన్నాయి. మీ జాబితాలోంచి ఎగ్జాస్టు, క్రోనో తీసేస్తే మీరు విడిగా కట్టవలసింది ఓ పదకొండు వేలు ఉంటుంది. డెలివరీతో కలిపి లక్షా నలభై ఏడు వేల చిల్లర. మీ హద్దుకు రెండు వేలే ఎక్కువ, ఇంటాయనగా ఆ మాత్రం అధికారం మీకు ఉండదా?


ఫ్రిస్కో_వాసి | 13 నవంబరు 2024

మూడో_పెడల్ గారూ, నేను డ్రైవింగు నేర్చుకున్నది మా మేనమామగారి అంబాసిడర్ మీద, స్టీరింగు పక్కన గేరు కర్రతో. ఆ సరదా నాకు లేక కాదు. రోజూ టోల్‌వే మీద గంటసేపు పాకుతూ ఆఫీసుకు వెళ్లాలి, పైగా మా ఆవిడ కూడా నడపగలగాలన్నది ఒడంబడికలో రెండవ షరతు. అధికారం గురించి మీరు అడిగిన ప్రశ్నను ఇంట్లో చదివి వినిపించలేదు.

చిట్టా_ఆవర్జా గారి లెక్క నాకు నిజంగా కొత్త. పాత ఎస్‌యూవీని బయట సంస్థ ఒకటి 41,500కు తీసుకుంటానని రాసి ఇచ్చింది, డీలరు 38,000 అన్నాడు. ఇప్పటివరకూ బయటి మాటే మేలనుకుంటున్నాను.

నిజం చెప్పాలంటే ఈ పూట మనసు తెల్లకారు వైపు మొగ్గుతోంది. ఏడు నెలలు ఆగనక్కరలేదు, స్టిక్కరు మీద రెండు మూడు వేలు తగ్గించేలా ఉన్నాడు.


నిశ్శబ్ద_పాఠకురాలు | 14 నవంబరు 2024

ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు, ఈసారి రాయకుండా ఉండలేకపోయాను. ఫ్రిస్కో_వాసి గారూ, మీకు పిల్లలు ఉన్నారా? ఉంటే ఆ తెల్లకారు వెనుక తలుపులు లేని చోట తొంగి చూశారా? ఈ కొత్త మోడలు కూపేలో వెనుక సీట్లు తమంతట తాము రావు. అదనపు రుసుము లేకుండానే ఇస్తారు గానీ, ఆర్డరు చేసేటప్పుడు ఆ గడిలో టిక్కు పెట్టాలి. పెట్టకపోతే అక్కడ తివాచీ పరిచిన అర మాత్రమే ఉంటుంది. మావారు ఇలాగే రంగూ చక్రాలూ చూసి మురిసిపోతుంటే, బడి సంచి ఎక్కడ పెట్టాలో వెతుకుతూ మా అబ్బాయి కనిపెట్టాడు.


ఫ్రిస్కో_వాసి | 14 నవంబరు 2024

అమ్మా, మీకు ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. మధ్యాహ్నం భోజన విరామంలో వెళ్లి చూసి వచ్చాను. ముందు సీటు వంచి చూస్తే వెనుక ఏమీ లేదు: రెండు పల్లాలు, వాటి మీద నల్లటి తివాచీ, అంతే. మా చిన్నమ్మాయికి తొమ్మిదేళ్లు. ఈ కారు గురించి ఇంట్లో నాకు దొరికిన ఒకే ఒక్క ఓటు ఆ పిల్లదే, అదీ వెనుక తను కూర్చుంటానన్న హామీ మీద. తరువాత బిగించవచ్చా అని అడిగితే సేల్స్‌మన్ ముఖం చూసి నాకే జాలి వేసింది.

మొన్న గంటసేపు ఆ కారు చుట్టూ తిరిగాను. కుట్లు లెక్కపెట్టాను, సీటు లేదని చూడలేదు.


పాత_సేల్స్‌మన్ | 14 నవంబరు 2024

డీలరు ఆ కారుకు మార్కప్ ఎందుకు వద్దన్నాడో ఇప్పుడు అర్థమైంది కదా. లక్షన్నర డాలర్ల కారులో తొమ్మిది పది వేల తోలుపని పెట్టి, ఖర్చు లేని వెనుక సీట్లు మరిచిపోయిన ఆర్డరు ఎవరిదో గానీ, అది వాళ్ల గచ్చు మీద చాలా రోజులుగా నిలబడి ఉండాలి. ఉన్న సరుకు కొనడం తప్పని నేను అనను, ఒక్కోసారి అదే మంచి బేరం. అయితే అప్పుడు చూడవలసింది స్టిక్కరు మొత్తం కాదు. మీరు ఎలాగూ పెట్టించుకునే ఆప్షన్ల విలువ మాత్రమే కూడి, మిగిలినది మీకు విలువ లేనిదిగా లెక్క కట్టాలి. అలా చూస్తే ఆ తెల్లకారు మీకు మార్కప్ కట్టిన కారు కన్నా ఖరీదు.


జూబ్లీ_చెక్‌పోస్ట్ | 15 నవంబరు 2024

హైదరాబాదు నుంచి ఒక ఊరట. మీ పదివేల బాధ చదువుతుంటే మాకు కొంచెం నవ్వు, కొంచెం ఏడుపు వస్తున్నాయి. ఇదే కరేరా ఇక్కడ ఈ ఏడాది 1.99 కోట్ల ఎక్స్‌షోరూమ్ ధరతో వచ్చింది. పూర్తిగా తయారై దిగుమతి అయ్యే ఈ స్థాయి కారుకు సుంకమే కారు విలువను మించిపోతుంది, దాని మీద 2024 లెక్కన 28 శాతం జీఎస్టీ, 20 శాతం సెస్సు. ఆ పైన తెలంగాణలో అదే 2024 లెక్కన జీవిత పన్ను 18 శాతం, అంటే ముప్పై అయిదు లక్షల పైచిలుకు. ఆ ఒక్క పన్నుతో ఇంకొక మంచి కారు వచ్చేస్తుంది.

ఆప్షన్ల దగ్గర మాకు ఇంకొక చిక్కు ఉంది. ఇన్‌వాయిస్‌లో అయిదు లక్షల ఆప్షను చేరితే జీవిత పన్నులో మరో తొంభై వేలు పెరుగుతుంది, బీమా కూడా పెరుగుతుంది. మూలంలో వసూలు చేసే ఒక శాతం పన్ను మాత్రం ఆదాయపు పన్ను లెక్కల్లో సర్దుకోవచ్చు, దానికి కంగారుపడనక్కరలేదు. అందుకే నేను తోలు, దారం, పేరు రాసిన గడప పలకలు అన్నీ వదిలేసి లిఫ్ట్ ఒక్కటి మాత్రం పట్టుబట్టి పెట్టించాను. మా కాలనీ స్పీడు బ్రేకర్లు వేసినవాళ్లు 911ను ఊహించి వేయలేదు.

బేరం విషయానికి వస్తే, ఇక్కడ ధర మీద పెద్దగా కదలిక ఉండదు. నేను రాబట్టినవి బీమాను నాకు నచ్చిన సంస్థ దగ్గర తీసుకునే స్వేచ్ఛ, అదనపు వారంటీ ఏడాది. షోరూము వాళ్లు చెప్పిన బీమాకూ బయట దొరికిన బీమాకూ తేడా లక్షల్లో ఉంది, పైగా బయటి దానిలో జీరో డిప్రీసియేషన్ (విడిభాగాల మీద తరుగు కోయకపోవడం), ఇన్‌వాయిస్ ధర తిరిగి ఇచ్చే రక్షణ రెండూ ఉన్నాయి. కొందరు పన్ను తక్కువని పుదుచ్చేరి నంబరుతో తిరుగుతుంటారు. వేరే రాష్ట్రపు బండి ఇక్కడ పన్నెండు నెలలు మించి ఉంటే మళ్లీ రిజిస్టరు చేయించాలన్నది మోటారు వాహనాల చట్టంలోనే ఉంది, ఆ దారి పట్టకండని ఇది చదివే ఊరివాళ్లకు మనవి.


ఫ్రిస్కో_వాసి | 23 నవంబరు 2024

వారం రోజుల వివరం రాస్తాను. పాత_సేల్స్‌మన్ గారి మాట ప్రకారం కోడ్‌ను తొమ్మిది మంది డీలర్లకు పంపాను. నలుగురు జవాబే ఇవ్వలేదు, ముగ్గురు ఫోను చేయమన్నారు, ఒకరు అయిదు వేలు మార్కప్ అన్నారు. మూడు వందల మైళ్ల దూరంలోని ఒక చిన్న ఊరి డీలరు మాత్రం ఏప్రిల్ వంతు ఉందని, స్టిక్కరు ధరకే ఇస్తానని రెండు వాక్యాల్లో రాసి పంపాడు.

ఆ ఈమెయిలు అచ్చువేసుకుని మా దగ్గరి డీలరు దగ్గరికి వెళ్లాను. మేనేజరు నిజంగానే తెల్లకాగితం తీసి అడ్డంగా, నిలువుగా గీతలు గీశాడు. నాకు నవ్వు ఆగలేదు. నా ముఖం చూసి ఆయన కలం కింద పెట్టేశాడు. ఈమెయిలు చూపించి, మార్కప్ లేకపోతే ఇక్కడే కొంటాను, సర్వీసుకూ ఇక్కడికే వస్తాను, పాత ఎస్‌యూవీ కూడా ఇక్కడే వదులుతాను, దానికి నలభై వేలు కావాలి అన్నాను. ఆయన లోపలికి వెళ్లి ఇరవై నిమిషాలు రాలేదు. ఆ ఇరవై నిమిషాలూ నేను బల్ల మీది తోలు నమూనాల పెట్టెను ముట్టుకోకుండా కూర్చున్నాను, అది అన్నిటికన్నా కష్టమైన పని.

తిరిగి వచ్చి మార్కప్ అయిదు వేలు అన్నాడు. నేను లేచి కోటు వేసుకున్నాను. సున్నా అయింది, అయితే పాత బండికి 39,000 అన్నాడు. చివరకు నలభై దగ్గరే ఆగింది. బయటి సంస్థ 41,500 కన్నా ఇది 1,500 తక్కువే, పన్నులో 2,500 కలిసి వస్తుంది కాబట్టి నికరంగా వెయ్యి మిగిలింది. మా ఎస్‌యూవీలాంటి బండ్లు వాళ్ల పాత కార్ల విభాగంలో వారం నిలవవట, అందుకే దిగివచ్చాడని తరువాత సేల్స్‌మన్ చెప్పాడు.


పాత_సేల్స్‌మన్ | 23 నవంబరు 2024

బాగా చేశారు. సంతకం పెట్టేముందు మూడు సంగతులు రాతలో ఉండాలి. కారు వచ్చిన రోజున మార్కప్ సున్నా అని, స్టిక్కరు మీద లేనిదేదీ డీలరు తనంతట తాను చేర్చకూడదని, బయానా సొమ్ము ఏ పరిస్థితిలో తిరిగి వస్తుందో అని. మధ్యలో కంపెనీ ధర పెంచితే ఆ భారం ఎవరిదో కూడా అడిగి రాయించుకోండి. ఆ తరువాత ఆప్షన్లు ఏ తేదీ వరకూ మార్చుకోవచ్చో కనుక్కోండి, ఆ తేదీ దాటితే ఇక మీ కారు శిలాశాసనమే. ఆర్డరు పత్రాన్ని వాళ్లు టైపు చేశాక మీ కోడ్‌తో వరుస వరుసా పోల్చి చూడండి.


ఫ్రిస్కో_వాసి | 2 డిసెంబరు 2024

పోల్చి చూశాను. వాళ్లు టైపు చేసిన పత్రంలో వెనుక సీట్లు లేవు! కావాలని చేసినట్టు లేదు, వాళ్ల పాత ఆర్డరు ఒకదానిని నకలు తీసుకుని మార్చినట్టుంది. దిద్దించి, ఇంకొకసారి అచ్చువేయించి, ఆ వరుస పక్కన మా అమ్మాయి చేత పొడి అక్షరాలు రాయించాను.

ఒక చిన్న మార్పు చేయబోయి ఆగాను. బోస్ తీసేసి ఆ డబ్బుతో ప్రత్యేక చక్రాలు పెట్టిద్దామనుకుని, మలుపు_20 గారి కొలబద్ద గుర్తొచ్చి బోస్‌నే ఉంచాను. చక్రాలు మామూలువే తీసుకున్నాను, ముందు 19, వెనుక 20 అంగుళాలు. మొత్తం ధర మారలేదు.


మూడో_పెడల్ | 2 డిసెంబరు 2024

చిన్న చక్రాలు మంచి నిర్ణయం. గతుకుల్లో టైరు పక్కగోడ మందంగా ఉండటమే మేలు. గేరు కర్ర విషయంలో మాత్రం మిమ్మల్ని క్షమించలేదు.


ఫ్రిస్కో_వాసి | 21 జూన్ 2025

ఇంతకాలం మౌనంగా ఉన్నందుకు మన్నించండి. కారు వచ్చింది. ఏప్రిల్ మొదటివారంలో దిగుమతి కార్ల మీద 25 శాతం అదనపు సుంకం అమలులోకి వచ్చినప్పుడు రెండు వారాలు నాకు నిద్ర లేదు. 911 ఈ దేశంలో తయారు కాదు, ప్రతి ఒక్కటీ జర్మనీలోని త్సుఫెన్‌హౌజెన్ నుంచి రావలసిందే, నాది అప్పటికి ఎమ్డెన్ రేవులో ఓడ ఎక్కడానికి ఎదురుచూస్తోంది. డీలరుకు ఫోను చేస్తే ముందు నసిగాడు. నవంబరులో రాయించుకున్న పత్రం పంపాక, అందులో ఉన్న ధరే ధర అన్నాడు. అద్దం మీది స్టిక్కరు కూడా 1,39,000 అనే వచ్చింది. పాత_సేల్స్‌మన్ గారికి ఈ ఒక్క వాక్యానికీ నేను రుణపడి ఉన్నాను.

డెలివరీ రోజున ఫైనాన్సు గదిలో నలభై నిమిషాలు పట్టింది. టైర్లలో నైట్రోజన్, అద్దాల మీద నంబరు చెక్కడం, రంగు కాపాడే ఫిల్ము, చక్రాల బీమా అని ఒకటొకటిగా చదువుతూ పోయారు. ఒక్కొక్కదానికీ వద్దని చెబుతూ పోయాను. ఫిల్ము మాత్రం ముఖ్యమే కాబట్టి, మరుసటి వారం బయట ముందు భాగానికి వేయించాను, వాళ్లు అడిగిన దానిలో సగానికి కొంచెం ఎక్కువ అయింది. వడ్డీలో క్రెడిట్ యూనియన్ కాగితం చూపగానే అర శాతం దిగారు, అయినా యూనియన్ దగ్గరే తీసుకున్నాను.


చిట్టా_ఆవర్జా | 21 జూన్ 2025

అభినందనలు. పన్ను ఎంత పడిందో చెప్పనేలేదు.


ఫ్రిస్కో_వాసి | 21 జూన్ 2025

6,187 డాలర్ల 50 సెంట్లు. మీరు నవంబరులో రాసిన అంకె, సెంటు తేడా లేదు. వెనుక సీటులో ప్రస్తుతం మా అమ్మాయి మోకాళ్లు ముడుచుకుని కూర్చుని, ఇంటి వాకిలి దగ్గర కారు ముక్కు తనంతట తాను లేచినప్పుడల్లా చప్పట్లు కొడుతోంది. మా ఆవిడ ఇప్పటికి రెండుసార్లు నడిపారు, మూడవసారి తాళంచెవి నన్ను అడగకుండానే తీసుకువెళ్లారు.